చిరిగిన జెండాను ఏం చేయాలి?

ప్రశ్న: పోయిన ఆగస్టు 15కి మా బాల్కనీ గ్రిల్‌కి కట్టిన జెండా ఇంకా అలాగే ఉంది. అంచు చిరిగింది, కాషాయం వెలిసి బిస్కెట్ రంగుకొచ్చింది. తీసి పారేయమంటే పనమ్మాయి "వద్దమ్మా, కేసవుతుందంట" అంది. అసలు జెండాను పొద్దుగూకగానే దించాలని మా మామగారు, అక్కర్లేదని మా అబ్బాయి. ఈసారి అపార్ట్‌మెంట్‌లో జెండా వందనం ఏర్పాట్లు నా నెత్తిన పడ్డాయి. ఒకటే టెన్షన్‌గా ఉంది.
- ఒక గృహిణి, గుంటూరు

జవాబు: అమ్మా, మీ మామగారు చెప్పింది పాత రూలు, మీ అబ్బాయి చెప్పింది కొత్త రూలు. సూర్యాస్తమయానికల్లా దించాలన్న నిబంధనను 2022 జులైలో సడలించారు. ఇప్పుడు ఇళ్ల మీద రాత్రీ పగలూ ఉంచుకోవచ్చు. ముప్ఫయ్యేళ్లు డ్రిల్లు మాస్టారుగా సాయంత్రం పూట జెండా దించిన చేతులు కదా, నా మనసు మాత్రం మీ మామగారి వైపే.

చిరిగినది మాత్రం ఇవాళే తీసేయండి. చిరిగిన, మాసిన జెండాను ఎగరేయకూడదని ఫ్లాగ్ కోడ్‌లోనే ఉంది. పనికిరానిదాన్ని ముక్కలు చేయకుండా, నలుగురి కంటా పడకుండా, వీలైతే కాల్చేయమంటుంది. జెండాను కాల్చడమేమిటని కంగారు పడకండి. 1971 నాటి చట్టం మూడేళ్ల దాకా జైలు అన్నది జనం కళ్లెదుట తగలబెట్టి అవమానించేవాళ్లకి. మర్యాదకు లోటు రాని వేరే పద్ధతైనా ఫరవాలేదు. మీది పాలిస్టరే అయ్యుంటుంది, 2021 డిసెంబరు నుంచి దానికీ అనుమతి ఉంది. బాల్కనీలో కాలిస్తే కరిగి చుక్కలు చుక్కలుగా కారుతుంది, పొగకి పైవాళ్లు గొడవకొస్తారు. ఊళ్లో పెరడుంటే మడిచి, శుభ్రమైన గుడ్డలో చుట్టి పాతిపెట్టండి. నేనైతే అదే చేస్తాను.

మడత కూడా చెప్తాను. జెండాను అడ్డంగా పరిచి పట్టుకుని, కాషాయం పట్టీనీ ఆకుపచ్చ పట్టీనీ తెలుపు కిందికి మడవండి. తర్వాత రెండు కొసల్నీ వెనక్కి మడిస్తే పైన చక్రం, దాని పైనా కిందా సన్నగా ఆ రెండు రంగులూ కనిపిస్తాయి. దాన్ని రెండు అరచేతుల మీద పెట్టుకుని తీసుకెళ్లాలి, చంకలో ఇరికించుకుని కాదు.

కొత్తది గ్రిల్‌కి నిలువుగా కడితే, రోడ్డు మీంచి చూసేవాళ్లకి కాషాయం ఎడమ పక్కన ఉండాలి. పిల్లలకిచ్చే కాగితం జెండాలు కింద పడేయకుండా వందనం అవగానే మీరే వెనక్కి తీసుకోండి. చాక్లెట్ అప్పుడివ్వండి, ముందిస్తే ఒక్కటీ తిరిగి రాదు!

ఇక ఏర్పాట్ల సంగతి. ఢిల్లీలో ఆగస్టు 15న కింద కట్టిన జెండాను పైకి లాగి ఎగరేస్తారు, జనవరి 26న పైన కట్టి ఉన్నదాన్ని విప్పుతారు. నేను పనిచేసిన బడుల్లో రెండు రోజులూ పైన కట్టి విప్పడమే. మడతలో పూలరేకులు పెట్టుకోవచ్చు, కోడ్ ఒప్పుకుంటుంది. గుప్పెడు చాలు, అవీ తడి లేనివి.

ఒక జనవరి 26న నేను కుంకుడుకాయంత ముడి వేశాను. ముందు రోజు రిహార్సల్‌లో జెండా గాలికి దానంతటదే విచ్చుకుందని, ఈసారి ఊడకూడదని బిగించాను. పైగా మంచుకు తడిసిన బంతి రేకులు దోసిళ్లతో పోశాను. ముఖ్య అతిథి తాడు లాగారు. రాలేదు. మళ్లీ లాగితే గిలక కిర్రుమంది, అంతే. ఐదో తరగతి వరసలో కిసుక్కుమన్నారు. నా విజిల్ నోట్లోనే ఉండిపోయింది. చివరికి పదో తరగతి కుర్రాడొకడు చెప్పులు విడిచి స్తంభం పైకి పాకి, పంటితో ముడి విప్పాడు. రేకులన్నీ ముద్దగా వాడి నెత్తిమీదే పడ్డాయి. అతిథితో సహా అందరం వాడికే చప్పట్లు కొట్టాం.

కాబట్టి జారుముడి వేయండి. వేశాక జెండాను పైకి ఎక్కించకముందే ఒకసారి లాగి చూసుకోండి. ఆ రోజు నేను చూసుకోలేదు.