గోడమీది అలంకారపు కత్తి, తాతల నాటి కత్తి: చెన్నైలో చట్టం దేన్ని ఎలా చూస్తుంది?

మీ ప్రశ్నలో రెండు కత్తులున్నాయి. ఒకటి ఆన్‌లైన్‌లో కొన్న స్టెయిన్‌లెస్ స్టీలు కటానా (జపాన్ తరహా వంపు కత్తి), రెండోది ఒంగోలు వైపు తాతగారింటి నుంచి వచ్చిన పాత కత్తి. వీటిని చెన్నై ఫ్లాటులో హాలు గోడకు పెట్టుకోవచ్చా, కటానాను లండన్‌లో ఉన్న మీ తమ్ముడికి పంపొచ్చా అని అడిగారు.

పంపడం సంగతి ముందు చెప్పేస్తాను. పంపకండి. ఆయుధాల చట్టం, 1959లోని సెక్షన్ 10 ప్రకారం ఏ ఆయుధాన్నైనా దేశంలోకి తేవాలన్నా, దేశం దాటించాలన్నా లైసెన్స్ ఉండాలి. కస్టమ్స్ వాళ్లు కత్తుల్ని 9307 కోడ్ కింద చూస్తారు. దాన్ని 'హోమ్ డెకార్' అని రాసి పంపితే స్కానింగులో దొరుకుతుంది. అప్పుడు ఆయుధం కేసుతో ఆగదు, తప్పుడు డిక్లరేషన్ ఇచ్చారని కస్టమ్స్ చట్టం, 1962 కింద జప్తు, జరిమానా కూడా తోడవుతాయి. ఎలాగోలా అక్కడికి చేరిందనుకున్నా మీ తమ్ముడికి ఇంకో చిక్కు. ఇంగ్లండ్, వేల్స్‌లో 50 సెం.మీ. లేదా అంతకన్నా పొడవున్న వంపు కత్తుల అమ్మకం, దిగుమతి 2008 ఏప్రిల్ 6 నుంచి నిషిద్ధం. 2021 జులై 14 నుంచి ఇంట్లో ఉంచుకోవడం కూడా నేరమే. పొడవును వంపు వెంట కాకుండా పిడి పైభాగం నుంచి మొనదాకా తిన్నగా కొలుస్తారు. 1954కు ముందు తయారైనవాటికీ, సంప్రదాయ పద్ధతిలో చేత్తో చేసినవాటికీ మినహాయింపు ఉంది, కానీ అది రుజువు చేసుకోవాల్సింది కత్తి ఉన్నవాళ్లే. 2025 ఆగస్టు 1 నుంచి 'నింజా కత్తులు' అనే తిన్నని, పొట్టి రకం కూడా ఆ జాబితాలోకి వచ్చింది.

ఇలాంటి నిషేధాల దెబ్బ ఎక్కువగా తగిలేది చవక కత్తులు పోగుచేసేవాళ్లకే. లక్షలు పోసి కొన్న పాత జపాన్ కత్తికి కాగితాలుంటాయి, తయారుచేసినవాడి గుర్తు ఉంటుంది, కాబట్టి మినహాయింపు దొరుకుతుంది. మిషన్ మీద చేసిన షోకేసు కత్తికి ఆ ఆధారం ఉండదు. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది. అయినా చట్టం చూసేది ఆకారాన్నీ పొడవునీ, మన మక్కువను కాదు.

ఇక మన దగ్గర. ఆయుధాల నిబంధనల్లో ఐదో కేటగిరీ కింద కత్తులు, బాకులు, బల్లేలు, 9 అంగుళాలకు మించి పొడవు లేదా 2 అంగుళాలకు మించి వెడల్పు ఉన్న బ్లేడులు వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు తయారుచేసినవి రావు. కొబ్బరికాయలు కొట్టే అరువాకూ (తమిళనాట వాడే వంపు మచ్చుకత్తి) గోడమీది కత్తికీ తేడా అక్కడే. ఐదో కేటగిరీలో ఉన్నంత మాత్రాన ఇంట్లో ఉంచుకోవడం నేరమైపోదు. కేంద్ర ప్రభుత్వం సెక్షన్ 4 కింద ఒక ప్రాంతానికి నోటిఫికేషన్ ఇచ్చినప్పుడే ఆ రకం ఆయుధాన్ని కొనడానికి, ఉంచుకోవడానికి, పట్టుకు తిరగడానికి అక్కడ లైసెన్స్ అవసరమవుతుంది. ఢిల్లీలో 7.62 సెం.మీ. పొడవు, 1.72 సెం.మీ. వెడల్పు ఉన్న చాకుల మీద కూడా కేసులు పెట్టేది ఇలాంటి నోటిఫికేషన్ బలంతోనే. అందుకే ఒక ఊరి అనుభవం ఇంకో ఊరికి పనికిరాదు.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని కత్తిని దాచడం కాదు, సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద అర్జీ పెట్టడం. చెన్నై పోలీస్ కమిషనర్ కార్యాలయంలోని ప్రజా సమాచార అధికారి పేరిట 10 రూపాయల రుసుముతో పంపండి. అడగాల్సినవి రెండే. ఐదో కేటగిరీ ఆయుధాలకు సంబంధించి సెక్షన్ 4 నోటిఫికేషన్ ఏదైనా చెన్నై నగరంలో ఇప్పుడు అమల్లో ఉందా? ఉంటే దాని నకలు ఇవ్వగలరా? 'కత్తి ఉంచుకోవచ్చా' అని సలహా అడిగినట్టు రాస్తే అది సమాచారం కిందికి రాదని తిప్పి పంపుతారు. జవాబుకు 30 రోజుల గడువుంటుంది. ఆ కాగితాన్ని కత్తి బిల్లుతో కలిపి పెట్టుకోండి.

'ఇది అలంకారపు కత్తి అండీ, పదును లేదు' అంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. చట్టం పక్కనపెట్టేది బొమ్మగా తప్ప వాడలేనివాటినీ, పనికొచ్చే ఆయుధంగా మార్చలేనివాటినీ. చెక్క కత్తి, పలుచటి అల్యూమినియం కత్తి అందులోకి వస్తాయి. మీ కటానా బ్లేడు 4 మి.మీ. మందం స్టీలు అనుకుందాం. సాన పట్టేవాడు అరగంటలో వాదర తెచ్చేస్తాడు, కాబట్టి పదును లేదన్న మాట అక్కడ నిలవదు. అయినా మొద్దుగా ఉంచడం మంచిదే, ఎందుకంటే మీ ఉద్దేశం ఏమిటో అది చూపిస్తుంది. వాదరను ఆకురాయితో నిలువుగా రుద్ది 1.5 మి.మీ. చదునైన అంచు తెప్పించండి, మొనను గుండ్రం చేయండి, 400 నంబరు ఎమరీ కాగితంతో ముగించండి. గ్రైండరు వాడితే వేడికి స్టీలు నీలం తిరుగుతుంది. తర్వాత స్కేలు పక్కన పెట్టి పొడవు, వెడల్పు, అంచు కనబడేలా ఫోటోలు తీసుకోండి. తాతగారి కత్తిని మాత్రం ఇలా రుద్దకండి, దాని విలువంతా అక్కడే పోతుంది.

పిడి కూడా ఒకసారి చూడండి. చవక కటానాల్లో చాలావాటికి బ్లేడు పిడిలోకి పూర్తిగా దిగదు. వేలెడు సన్న కడ్డీని వెల్డింగ్ చేసి చివర నట్టు బిగిస్తారు. ఊపితే వెల్డింగ్ దగ్గర తెగి బ్లేడు ఎగిరిపోతుంది. అలాంటిది గోడమీద చూడ్డానికే, పిల్లల చేతికి అసలు ఇవ్వకూడదు.

కేసులు ఎక్కువగా వచ్చేది ఇంట్లో ఉంచుకున్నందుకు కాదు, బయట చూపించినందుకు. పుట్టినరోజు కేకు కత్తితో కోయడం, ఊరేగింపులో ఎత్తి పట్టుకోవడం, రీల్‌లో ఊపడం. వీడియోనే సాక్ష్యం. ఇల్లు మారేటప్పుడు ఒరలో పెట్టి, గుడ్డ చుట్టి, టేపు వేసి, సామాను పెట్టెలో అడుగున పెట్టండి. బిల్లు ఫోటో ఫోనులో ఉంచుకోండి, కారు సీటు పక్కన మాత్రం పెట్టకండి. కొత్తగా కమ్మరి దగ్గర చేయించుకోవాలనుకుంటే ఆధార్ అడిగి రిజిస్టరులో రాసుకుంటారు. కత్తులు, అరువాలు కొనేవాళ్ల వివరాలు రాసుకోవాలని 2021 సెప్టెంబరులో తమిళనాడు పోలీసులు తయారీదారులకు చెప్పారు, అందుకని నొచ్చుకోకండి.

తాతగారి కత్తి వేరే లోకం. వందేళ్లు దాటిన వస్తువు పురావస్తువు కింద లెక్క, 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. ఇంట్లో ఉంచుకోవచ్చు. దేశం దాటించే హక్కు కేంద్ర ప్రభుత్వానికీ, అది అధికారమిచ్చిన సంస్థలకే. వ్యాపారంగా అమ్మాలంటే లైసెన్స్ కావాలి. వయసు తేల్చుకోవాలంటే సెయింట్ జార్జి కోటలో ఉన్న పురావస్తు సర్వే చెన్నై సర్కిల్ కార్యాలయాన్ని అడగండి. ముందు ఎగ్మూరు మ్యూజియంలో తంజావూరు ఆయుధాగారం నుంచి వచ్చిన కత్తుల పక్కన మీ కత్తి ఫోటో పెట్టి చూసుకోండి, పిడి ఆకారంలోనే సగం తెలిసిపోతుంది.

చెన్నై ఉప్పు గాలికి పాత ఇనుము తట్టుకోదు. తోలు ఒరలో పెడితే తేమ పట్టి లోపల్లోపల తుప్పు తినేస్తుంది. బ్లేడును బయటే, చెక్క స్టాండు మీద, సిలికా జెల్ పెట్టిన గాజు అలమరలో ఉంచండి. నెలకోసారి కుట్టుమిషన్ నూనె పలుచగా రాయండి. కొబ్బరినూనె, ఆముదం వద్దు, జిడ్డు గట్టి దుమ్ము పడతాయి. ఆయుధపూజ రోజు ఇంకా జాగ్రత్త. నిమ్మరసం తగిలి, తడి కుంకుమ రాత్రంతా ఉంటే తెల్లారేసరికి వాదర పొడవునా నల్లటి గుంటలు పడతాయి. బొట్టు పిడికి పెట్టండి, పూజ కాగానే తుడిచి నూనె రాయండి. బంగారు పూత పనితనం ఉంటే బ్రాసో లాంటి ఇత్తడి పాలిష్ తాకించకండి, రెండు రుద్దులకే పోతుంది.

చివరగా పిడి దేనితో చేశారో చూడండి. తెల్లగా ఉంటే కోసిన అంచును భూతద్దంతో చూడండి. వలలా అడ్డంగా దాటుకునే సన్న గీతలుంటే ఏనుగు దంతం, నల్లటి చిన్న చుక్కలుంటే మామూలు ఎముక. దంతమైతే వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 వర్తిస్తుంది. అమ్మడం, కొనడం పూర్తిగా నిషిద్ధం, యాజమాన్య ధ్రువపత్రం లేకుండా ఉంచుకోవడమూ చిక్కే. దుప్పి కొమ్ము పిడి అయినా ఇదే జాగ్రత్త. ఆన్‌లైన్‌లో ఫోటో పెట్టి ధర అడక్కముందే, ఇంట్లో ఎవరి పేరు మీదైనా పాత ధ్రువపత్రం ఉందేమో వెతికి, దాంతో అటవీ శాఖ వన్యప్రాణి విభాగాన్ని కలవండి.