వంక ఎక్కడ పుడుతుందో ముందు చూడండి

"మాది కరువు మండలం. పథకాలు వస్తాయి, పోతాయి, ఊరు మాత్రం అలాగే ఉంటుంది. ఊరివాళ్లం, ఒక స్వచ్ఛంద సంస్థ, ప్రభుత్వ శాఖలు కలిసి మా ప్రాంతానికి తగ్గ ప్రణాళిక వేసుకుంటే ఫలితం ఉంటుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు. ఉంటుంది. అయితే మొదలుపెట్టాల్సింది మండలంతో కాదు, మీ వంకతో, అంటే మీ ఊరి వాగుతో.

అనంతపురం జిల్లాలో మా ఊరి భూగర్భజల కమిటీలో కొన్నేళ్లు పనిచేశాను. ఆ పథకాన్ని ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అనేవాళ్లు, అంటే ఆంధ్రప్రదేశ్‌లో రైతులే నడుపుకొనే భూగర్భజల వ్యవస్థ. ఆ పేరు తడబడకుండా పలకడానికే నాకు వారం పట్టింది. నెదర్లాండ్స్ సాయంతో 1995 నుంచి బోర్లు వేయించిన ఏపీవెల్ పథకం ముగిశాక, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో ఇది నడిచింది. పనిచేసింది స్థానిక స్వచ్ఛంద సంస్థలు, రైతులే. ఇందులో సబ్సిడీ లేదు, ఉచితంగా ఇచ్చేదీ లేదు. మొదటి సమావేశానికి ఊరంతా వచ్చింది. "ఏమిస్తారు?" అన్న ప్రశ్నకు "కొలవడం నేర్పిస్తాం" అన్న జవాబు రావడంతో రెండో సమావేశానికి పద్నాలుగు మందిమి మిగిలాం. ఆ పద్నాలుగు మందితోనే పని జరిగింది కాబట్టి, జనం తగ్గారని మీరు దిగులుపడకండి.

అక్కడ మొదట మారింది "మా ప్రాంతం" అన్న మాటకు అర్థం. పథకం లెక్కలో ప్రాంతమంటే పంచాయతీ కాదు, మండలం కాదు, ఒక వంకలోకి నీరు చేరే నేల మొత్తం. మా వంక గుట్టల్లో పుట్టి మూడు పంచాయతీలు దాటి చెరువులో కలుస్తుంది. అంతకుముందు వచ్చిన ఒక పథకంలో మా పంచాయతీ హద్దు చూసుకుని చెక్‌డ్యాం కట్టించారు. పై ఊరివాళ్లు తమ హద్దులో ఇంకొకటి కట్టుకున్నారు. మాది మూడేళ్లపాటు పిల్లలు క్రికెట్ ఆడుకోవడానికి పనికొచ్చింది. వాటర్‌షెడ్ పనులకు దాదాపు 500 హెక్టార్ల చిన్న పరీవాహక ప్రాంతాన్ని యూనిట్‌గా తీసుకోవాలని, కేంద్రం వేసిన హనుమంతరావు కమిటీ సిఫార్సుల మీద 1995లోనే మార్గదర్శకాలు వచ్చాయి. కాగితం మీద ఉన్న మాట మా ఊరి పొలిమేర దగ్గర ఆగిపోయింది, అంతే.

జిల్లా స్థాయిలో గీసిన గీతలూ ఇలాంటివే. 2018లో కేంద్రం వెనుకబాటును బట్టి ఆకాంక్షిత జిల్లాలని 112 జిల్లాలను ఎంపిక చేసినప్పుడు కడప ఉంది, ఆనుకుని ఉన్న అనంతపురం లేదు. ఎంపికకు వాళ్ల సూచికలు వాళ్లకున్నాయి, తప్పుపట్టడం లేదు. కానీ గీతకు ఈవలి రైతుకు, ఆవలి రైతుకు ఉన్నది ఒకటే ఆకాశం.

ఇక కొలవడం. పాఠశాల ఆవరణలో వాన కొలిచే రైన్‌గేజి పెట్టాం. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు ఒకరు చూసి గోడ మీద రాసేవారు. పదిహేను రోజులకోసారి ఎంపిక చేసిన బోర్లలో నీటిమట్టం చూసేవాళ్లం. టేపు చివర ఉన్న లోహపు ముక్క నీటిని తాకగానే పైన చిన్న పెట్టె కీచుమంటుంది. ఆ చప్పుడు ఎంత ఆలస్యంగా వస్తే చుట్టూ నిలబడినవాళ్ల ముఖాలు అంతగా వాడిపోయేవి. బోరు ఎన్ని నీళ్లు పోస్తోందో చూడటానికి 200 లీటర్ల డ్రమ్ము, ఒక స్టాప్‌వాచ్ చాలు. మా పక్క పొలం రైతు తన బోరు "రెండున్నర అంగుళాలు పోస్తుంది" అని పదేళ్లుగా చెప్పుకొనేవాడు. డ్రమ్ము నిండటానికి పట్టిన సమయం చూశాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

అక్టోబరులో, రబీ విత్తనానికి ముందు, వంక వెంట ఉన్న ఊళ్లన్నీ ఒకచోట కూర్చునేవాళ్లం. ఎంత వాన పడింది, భూమిలోకి ఎంత ఇంకి ఉంటుంది, ఎవరు ఏం వేద్దామనుకుంటున్నారు, దానికి ఎన్ని నీళ్లు కావాలి అన్నది పెద్ద చార్టు మీద రాసేవారు. ఎకరం మీద ఒక మిల్లీమీటరు అంటే 4,000 లీటర్ల పైచిలుకు. వరికి సుమారు 1,200 మిల్లీమీటర్లు లెక్కేస్తే ఎకరానికి 48 లక్షల లీటర్లు. మా జిల్లాలో ఏడాదంతా పడే సగటు వాన 550 మిల్లీమీటర్లు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన కనిపించాక ఉపన్యాసం అవసరం లేకపోయింది. వరి వేయవద్దని ఎవరూ ఎవరికీ చెప్పలేదు, ఆంక్ష లేదు, జరిమానా లేదు. ఆ ఏడు నేను రెండెకరాల వరిని అరెకరానికి తగ్గించి మిగతాది సెనగ వేశాను. ఆ అరెకరం కూడా ఇంట్లో అమ్మ మాట కాదనలేక వేసిందే.

భాగస్వామ్యమంటే వేదిక మీద అందరూ కలిసి ఫొటో దిగడమని చాలామంది అనుకుంటారు. నాకు అర్థమైనంతలో, అధికారి దగ్గర లేని సమాచారం మన దగ్గర ఉన్నప్పుడే ఆయన మనల్ని భాగస్వామిగా చూస్తాడు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మా జిల్లాలోని బండ్లపల్లిలోనే మొదలైంది. ఆ తర్వాత గ్రామసభలో నీటికుంటలు అడిగినప్పుడు మా చేతిలో అర్జీతో పాటు మూడేళ్ల కొలతలు రాసుకున్న పుస్తకం ఉంది. ఏ బోర్లు ఏ నెలలో దిగిపోతున్నాయో చూపించి, కుంటలు ఫలానా చోటే కావాలన్నాం. అధికారి పుస్తకం తిరగేసి, దాని నకలు ఇస్తారా అని అడిగారు. కుంటలు అడిగిన చోటే పడ్డాయి.

మేము చేసిన తప్పులు కూడా చెబుతాను. గొర్రెల కాపరులను పిలవలేదు. బోరు లేనివాళ్లకు నీటి లెక్కతో పనేమిటనుకున్నాం. గుట్ట వాలులో మొక్కలకని గుంతలు తవ్విన చోటు వాళ్ల మేత బీడు. నెల తిరిగేసరికి ఒక్క మొక్కా మిగల్లేదు. ఎవరు మేపారో అందరికీ తెలుసు, అడిగే ముఖం మాకు లేదు. రెండోది, పట్నంలో ఉంటూ భూమి కౌలుకిచ్చిన ఒకాయన మా లెక్కల నడిమధ్యలో వెయ్యి అడుగుల బోరు వేయించాడు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం బోర్లకు అనుమతి ఉండాలి. ఆ చట్టం గురించి మేము శిక్షణలో విన్నాం కానీ, ఎవరి మీద ఎవరు ఫిర్యాదు చేస్తారు? ఊళ్లో రేపు పొద్దున్న ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి కదా.

పథకం వెళ్లిపోయిన రెండేళ్లకు టేపు తెగింది. కొత్తది కొనడానికి చందా వేద్దామంటే తలా ఒక మాట అన్నారు. బోర్ల కొలత అక్కడితో ఆగింది. వాన లెక్క మాత్రం ఆగలేదు. పొదుపు సంఘంలోని ఇద్దరు మహిళలు ఇప్పటికీ గోడ మీద రాస్తున్నారు, ఎందుకంటే రైన్‌గేజికి ఖర్చేమీ లేదు. అందుకే పరికరాల మరమ్మతు డబ్బు ఎవరి దగ్గర ఉంటుందో మొదటి సమావేశంలోనే తేల్చుకోండి.

మీ వంక ఎన్ని పంచాయతీల గుండా పోతుంది, పై ఊరివాళ్లతో మీకు మాటలున్నాయా? ఈ రెండూ రాస్తే మిగతాది చెప్పగలను. రైన్‌గేజి మాత్రం చెట్టు కింద పెట్టకండి. మేము మొదటి ఏడాది వేపచెట్టు పక్కన పెట్టి, పక్క ఊరికంటే వాన తక్కువ పడిందని అనవసరంగా బాధపడ్డాం.