ఇంతకీ ‘యూ’ ఏది టీచర్?

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. పోయిన వారం స్కూల్లో ఇంగ్లిష్ పోటీ పెట్టారు. ఏ, ఈ, ఐ, ఓ, యూ, ఐదు అచ్చులూ వచ్చే పదాల్లో వీలైనంత పొడుగుది రాయాలి. టైం రెండు నిమిషాలు. మావాడు ‘ఎడ్యుకేషన్’ రాశాడు. పక్కన కూర్చున్న పాప ‘ఇంటర్నేషనలైజేషన్’ రాసి ఫస్ట్ ప్రైజ్ కొట్టేసింది. ‘అందులో యూ లేదు కదా’ అని వీడంటే టీచర్ ‘ఉంటుందిలే, కూర్చో’ అన్నారట. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. నిజంగా లేదా? ఇలాంటి పదాలు వెతకడానికి పద్ధతేమైనా ఉందా?
– ఓ అమ్మ, తణుకు

జవాబు: లేదమ్మా, లేదు. మీవాడిదే కరెక్టు. ముందు వాడికి అన్నం పెట్టండి.

ఆ పదంలో 20 అక్షరాలున్నాయి. ‘ఐ’ అయితే నాలుగుసార్లు వచ్చింది. ‘యూ’ మాత్రం మచ్చుకైనా లేదు. పొడుగు చూసి పడిపోయారు టీచరు గారు.

అలా పడిపోవడం నాకూ తెలుసు. గుడివాడలో ముప్పై ఏళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపినవాణ్ణి. రిపేరు అయ్యాక మెకానిక్ ‘ద క్విక్ బ్రౌన్ ఫాక్స్ జంప్స్ ఓవర్ ద లేజీ డాగ్’ అని కొట్టి చూపించేవాడు. ఆ ఒక్క వాక్యంలో ఇంగ్లిష్ అక్షరాలు 26 వచ్చేస్తాయి కాబట్టి కీలన్నీ బాగున్నట్టు లెక్క. ఒకసారి కాగితం చూశాను, అక్షరాలు నల్లగా, ముచ్చటగా పడ్డాయి. డబ్బిచ్చి పంపేశాను. మర్నాడు పొద్దున ఆరింటి బ్యాచ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి మొదటి పాఠం ‘ఏ ఎస్ డి ఎఫ్’ కొడుతుంటే ఎస్ పడదే! నిన్నటి కాగితం తీసి చూస్తే, అతను ‘జంప్స్’ బదులు ‘జంప్డ్’ కొట్టాడు. ఆ వాక్యం మొత్తానికి ఉన్నది ఒకే ఒక్క ఎస్. అది కాస్తా పోయింది. అప్పట్నించి ఏ అక్షరాలు కావాలో పక్కన రాసుకుని, ఒక్కోదానికీ పెన్సిల్‌తో టిక్కు పెట్టాకే నమ్ముతాను. పొడుగు లెక్క ఆ తర్వాతే.

ఇక వెతకడం సంగతి. అరుదైన అక్షరంతో మొదలుపెట్టమనండి. ఇంగ్లిష్ అచ్చుల్లో అన్నిటికన్నా తక్కువగా కనిపించేది ‘యూ’. పిల్లలు ‘షన్’ తోకతో మొదలుపెడతారు, ఐ, ఓ ఊరికే వస్తాయి కాబట్టి. తీరా చివర్లో ‘యూ’ కోసం తన్నుకుంటారు. ముందు దాన్ని పట్టుకుంటే తోక ఎలాగూ దొరుకుతుంది. రెగ్యులేషన్, రెప్యుటేషన్, ప్రికాషన్ అలా వచ్చేవే. మూడూ పదేసి అక్షరాలు, ఎడ్యుకేషన్ కన్నా ఒకటి ఎక్కువ. కాలీఫ్లవర్‌కి 11. రోజూ కూరల బుట్టలో చూసేదే, పోటీలో మాత్రం ఎవరికీ తట్టదు.

ఇంకా పొడుగు కావాలంటే ఒక పదానికి తోకలు తగిలిస్తూ పోవాలి. ఇన్‌స్టిట్యూషన్ తీసుకోండి, 11 అక్షరాలు. ఐ, యూ, ఓ వచ్చేశాయి. చివర ‘అల్’ పెడితే ‘ఏ’ కూడా వచ్చింది. దానికి ‘ఐజేషన్’ తగిలిస్తే సరిగ్గా 20, ఆ పాప రాసినంత. కానీ వెతికి చూడండి, ఇందులో ‘ఈ’ లేదు! తోకలన్నీ వాడేశాం, ఇప్పుడు తల వైపు చూడాలి. ముందు ‘డీ’ పెట్టండి. డీఇన్‌స్టిట్యూషనలైజేషన్, 22 అక్షరాలు, అచ్చులు ఐదూ హాజరు. సరదాకి అల్లింది కాదు. మానసిక రోగుల్ని పెద్దాసుపత్రుల్లో ఏళ్ల తరబడి ఉంచకుండా, బయట నలుగురి మధ్యే ఉంచి వైద్యం అందించే విధానానికి ఆ పేరు.

జీకే పుస్తకాల్లో బట్టీ పట్టించే ‘న్యుమోనో’తో మొదలయ్యే 45 అక్షరాల ఊపిరితిత్తుల జబ్బు పేరులోనూ ఐదూ ఉన్నాయి. అది రాస్తే మాత్రం నేనైతే ప్రైజివ్వను. 1935లో అమెరికాలో పజిళ్ల సంఘం అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ పొడుగు కోసమే పుట్టించిన మాట అది.

కంప్యూటరుంటే యునిక్స్, లినక్స్‌లలో ‘గ్రెప్’ అనే కమాండ్ ఉంటుంది. 1973లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ రాసింది. పదాల జాబితా ఇచ్చి ‘యూ’ ఉన్నవి ఏరమంటే ఏరుతుంది, వాటిలోంచి ‘ఓ’ ఉన్నవి, అలా ఐదు జల్లెళ్లు పట్టడమే. మా మేనల్లుడు చేసి చూపించాడు. కళ్లు మూసి తెరిచేలోగా అయిపోయింది. నాకేం మజా రాలేదు.

ప్రశ్న: కీబోర్డు పై వరస అక్షరాలతోనే ‘టైప్‌రైటర్’ అని కొట్టొచ్చు అంటారు. అంతకన్నా పొడుగు పదం ఉందాండీ?
– రిటైర్డ్ ఉద్యోగి, వరంగల్

జవాబు: ఉందండీ. అయితే తణుకు అమ్మగారి ప్రశ్న వేరు, మీది వేరు. అక్కడ ‘ఆ అక్షరాలు’ ఉండాలి, ఇక్కడ ‘ఆ అక్షరాలే’ ఉండాలి. ఇక్కడ టిక్కులు పెట్టి లాభం లేదు, పరాయి అక్షరం ఒక్కటి కనబడినా పదాన్ని అవతల పారేయాలి. పై వరసలో ఎస్ లేదు, కనక బహువచనం లేదు. ఎన్, జి లేవు, కనక ‘ఇంగ్’ లేదు, ‘షన్’ లేదు. పొడుగు పెంచే తోకలు చాలావరకు కింది వరసల్లో చిక్కుకుపోయాయి. ‘ఈఆర్’, ‘ఓఆర్’, ‘ఐటీవై’ లాంటివి కొన్నే మిగిలాయి. టైప్‌రైటర్, పర్పెట్యుటీ, ప్రొప్రైటర్, అన్నీ పదేసి అక్షరాలే. రప్చర్‌వర్ట్ అని ఒక మొక్క ఉంది, దానికి 11. నిఘంటువుల్లో ఉంది గానీ ఆ మాట వాడినవాణ్ణి నేను చూడలేదు.

నా ఇన్‌స్టిట్యూట్ రసీదుల మీద నా పేరు కింద ‘ప్రొప్రైటర్’ అని ఎన్ని వేలసార్లు కొట్టానో. వేళ్లు పై వరస దిగలేదన్న సంగతి మీ ఉత్తరం చూసేదాకా గమనించనేలేదు.