ఎంపికయ్యాక ఎందుకు వెనక్కి తగ్గుతున్నారు?

ప్రశ్న: మా విశ్వవిద్యాలయంలో విద్యార్థులను కొంతకాలం విదేశీ విశ్వవిద్యాలయాల్లో చదవడానికి పంపే ఎక్స్ఛేంజ్ వ్యవహారాలు చూస్తుంటాను. స్కాలర్‌షిప్ ఉన్నా పేద విద్యార్థులు, వైకల్యం ఉన్నవారు ఎంపికయ్యాక మానుకుంటున్నారు. లోపం ఎక్కడ?

జవాబు: డబ్బు ఎంత ఇస్తున్నారన్న దానికంటే ఎప్పుడు ఇస్తున్నారన్నది చూడండి. వీసా రుసుము, బీమా, టికెట్, గది అడ్వాన్సు అన్నీ బయల్దేరే ముందే కట్టాలి. స్కాలర్‌షిప్ మాత్రం చాలాచోట్ల అక్కడ చేరినట్టు కాగితం పంపాకే వస్తుంది. ఈలోపు అప్పు పుట్టనివారు ఆగిపోతారు. విద్యార్థితో స్కాలర్‌షిప్ ఒప్పందంపై సంతకం కాగానే పెద్ద వాయిదా ఇచ్చేయండి. టికెట్ మీ కార్యాలయమే కొంటే ఇంకా మేలు. ‘బిల్లులు తెస్తే తర్వాత ఇస్తాం’ అనేది చేతిలో డబ్బున్నవారికే పనికొచ్చే ఏర్పాటు. ఏ తేదీకి ఎంత చేతికొస్తుందో ప్రకటనలోనే రాయండి.

యూరప్‌లో విద్యార్థులను ఇతర దేశాలకు పంపే ఐరోపా సమాఖ్య పథకం ఎరాస్మస్ ప్లస్ (2021–27) చూడదగ్గ నమూనా. అవకాశాలు తక్కువున్నవారికి దీర్ఘకాలిక ఎక్స్ఛేంజ్‌లో నెలకు 250 యూరోలు అదనం. వైకల్యం వల్ల పడే ఖర్చుకు విడిగా నిధి ఉంది, అది అసలు ఖర్చు ప్రకారమే ఇస్తారు. నెలల తరబడి ఉద్యోగం మానలేనివారికి, ఇంట్లో పసిపిల్లలున్నవారికి 5 నుంచి 30 రోజుల ప్రయాణానికి ఆన్‌లైన్ పాఠాలు జోడించిన మార్గమూ ఉంది.

ఇక వైకల్యం సంగతి. ‘వైకల్యం ఉందా?’ అని కాదు, ‘ఏ ఏర్పాట్లు కావాలి?’ అని అందరినీ అడగండి. జవాబు ఎంపిక కమిటీ కంట పడకూడదు, గది కేటాయించేవారికి మాత్రం ముందే చేరాలి. ‘మా హాస్టల్ అందరికీ అనువైనదే’ అన్న మాట నమ్మకండి. కొలత టేపు పెట్టి తీసిన ఫొటోలు తెప్పించండి: తలుపు తెరిచాక కనీసం 80 సెం.మీ. దారి, స్నానాలగదిలో చక్రాల కుర్చీ తిరగడానికి సుమారు 150 సెం.మీ. ఖాళీ. బ్యాటరీతో నడిచే చక్రాల కుర్చీ అయితే బ్యాటరీ రకం, వాట్-అవర్ సామర్థ్యం విమానసంస్థకు ముందే రాసివ్వాలి. లేదంటే గేటు దగ్గర ఆపేస్తారు.

పరీక్షలో అదనపు సమయం ఇక్కడి పత్రంతో అక్కడ దానంతటదే రాదు. అక్కడ ఏ కోర్సులు చదవాలో రాసుకునే లెర్నింగ్ అగ్రిమెంట్‌తో పాటే రాతపూర్వకంగా ఒప్పించండి. మందులు కూడా చూడండి. ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత కుదరని సమస్యకు) వాడే ఆంఫెటమైన్ మాత్రలను డాక్టరు చీటీ ఉన్నా జపాన్‌లోకి తీసుకెళ్లనివ్వరు.

ప్రశ్న: ఇంత తలనొప్పి ఎందుకు, ఆన్‌లైన్ ఎక్స్ఛేంజ్ పెడితే చాలదా?

జవాబు: వెళ్లలేనివారికి మంచిదే. వెళ్లగలిగినవారిని ఖర్చు తప్పించుకోవడానికి అందులోకి నెట్టకండి. పెట్టినా క్రెడిట్లు ఇవ్వండి, లేకపోతే సగంలో మానేస్తారు. కాలవ్యత్యాసం ఎక్కువైతే అందరూ ఒకేసారి ఆన్‌లైన్‌లో కూర్చునే సమావేశాలు తగ్గించి, మిగతావి క్యాప్షన్లతో రికార్డు చేయించండి.