గోడ కొలిచాకే పుస్తకాల లెక్క

ప్రశ్న: మాది కోనసీమలో ఒక పల్లె. నేను హైస్కూల్లో తెలుగు టీచర్ని. నాన్నగారి పుస్తకాలు, నావి కలిపి పదకొండు వందల దాకా ఉన్నాయి. 1986 వరదల్లో బియ్యం బస్తాల కన్నా ముందు వాటినే అటక ఎక్కించారు నాన్నగారు. సంక్రాంతి వెళ్లాక ఈ పెంకుటిల్లు వదిలి రాజమండ్రిలో రెండు పడగ్గదుల ఫ్లాటుకు మారుతున్నాం. అత్తయ్యగారు మాతోనే ఉంటారు. అమ్మాయి ఇంటర్, బాబు ఏడో తరగతి. పుస్తకాలకు చోటెక్కడ అంటారు మావారు. పోయిన నెల నేను బడికి వెళ్లినప్పుడు ఒక పెట్టె తీసి పాతపేపర్లతనికి వేసేశారు. అప్పట్నుంచీ సరిగ్గా మాటల్లేవు. తగ్గించుకోవాలని నాకూ తెలుసు, చేతులు రావడం లేదు. పొద్దున్న అయిదింటికి లేస్తే రాత్రి పదింటిదాకా తీరిక లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండు తగాదాలు కలిసిపోయాయి. చోటు లేదన్న మీవారి మాట నిజం. మీకు చెప్పకుండా పెట్టె ఇచ్చెయ్యడం తప్పు. ఈ రెంటినీ విడదియ్యండి. నెల దాటింది కాబట్టి ఆ సరుకు ఈపాటికి కొట్టు దాటి లారీ ఎక్కేసి ఉంటుంది, వారంలోపైతే వెళ్లి వెతికితే దొరికేవేమో. అందులో ఏమేం పోయాయో రోజూ జాబితా చదవకండి. ఆదివారం టిఫిన్లయ్యాక, పిల్లలు దగ్గర లేనప్పుడు, ఒక్కసారి చెప్పండి: "ఆ పెట్టె ఇచ్చేయడం నాకు కష్టమనిపించిందండీ. ఎన్ని ఉంచుకోవాలో నేనే తేలుస్తాను. సంక్రాంతి దాకా గడువివ్వండి. అప్పటిదాకా పాతపేపర్లతన్ని మాత్రం పిలవొద్దు." గడువు చెప్పకపోతే ఆయన చెవికి అది మళ్లీ వాయిదాలాగే వినిపిస్తుంది.

తర్వాత టేపు పట్టుకుని ఫ్లాటుకు వెళ్లండి. అమ్మాయి చదువుకునే బల్ల, అత్తయ్యగారి మంచం, బీరువా ముందు పెట్టుకోండి. మిగిలిన గోడే పుస్తకాలది. నాలుగడుగుల వెడల్పు గోడ దొరికిందనుకుందాం. సగటు పుస్తకం రెండు సెంటీమీటర్ల మందం ఉంటుంది కాబట్టి ఒక అరకు అరవై పడతాయి. ఆరు అరలు వేయిస్తే మూడు వందల అరవై. కొత్తగా కొనేవాటికి నలభై చోట్లు వదిలితే మీకు మిగిలేది మూడు వందల ఇరవై. బాత్రూమును ఆనుకున్న గోడ వద్దు, చెమ్మ లాగుతుంది. కింది అర నేల నుంచి అరడుగు ఎత్తున ఉండాలి. పుస్తకాలకూ గోడకూ మధ్య రెండంగుళాలు గాలి ఆడాలి. నాలుగడుగుల ప్లైవుడ్ చెక్క ఏడాదికల్లా మధ్యలో వంగుతుంది, రెండడుగుల దగ్గర నిలువు చెక్క వేయమని వడ్రంగికి ముందే చెప్పండి.

చాలామంది ఏది పారేద్దామా అని మొదలుపెడతారు. ప్రతి పుస్తకం దగ్గరా ఆగి, అరగంటలో రెండు పేజీలు చదివి, అన్నీ తిరిగి అరలో పెట్టేస్తారు. మీరు ఉంచుకునేవే ఏరండి. రాత్రి భోజనాలయ్యాక నలభై నిమిషాలు, రోజుకు రెండు అరలు, పుస్తకం తెరవకుండా వెన్ను (పేరు అచ్చేసిన కుట్టు వైపు) చూసి మాత్రమే. మూడు వందల ఇరవై నిండగానే ఆపేయండి. ఆ తర్వాత ఏదైనా లోపలికి రావాలంటే ఒకటి బయటికి పోవాలి. నాన్నగారు మార్జిన్లలో రాసుకున్నవి, రచయితలు సంతకం చేసి ఇచ్చినవి ముందే ఉంచండి, వాటికి రెండో ప్రతి ఉండదు. వారపత్రికల్లోంచి చింపి కుట్టించిన సీరియల్ బైండ్లలో, ఆ నవల తర్వాత పుస్తకంగా రాకపోతేనే ఉంచండి. పాత తెలుగు పుస్తకాలు చాలా స్కానై ఆర్కైవ్ డాట్ ఆర్గ్ అనే వెబ్‌సైటులో ఉన్నాయి. పేరు కొట్టి చూసుకుంటే కొన్నింటి మీద బెంగ సగం తగ్గుతుంది.

మిగిలిన ఏడెనిమిది వందలు ఎవరు తీసుకుంటారో తేలకుండా పెట్టెల్లో సర్దకండి. సర్దిన పెట్టె ఎక్కడికీ పోదు, కొత్త ఫ్లాటులో మంచం కిందికి చేరుతుంది. శాఖా గ్రంథాలయాలు "ఇవ్వండమ్మా" అంటాయి గానీ అన్నీ తీసుకోవు. తీసుకున్న ప్రతిదీ యాక్సెషన్ రిజిస్టర్లో, అంటే వచ్చిన పుస్తకాలకు నంబరు వేసి రాసే పుస్తకంలో, ఎక్కించాలి, ఒకసారి ఎక్కితే తీసేయడం తేలిక కాదు, పైగా అరలు ఇప్పటికే నిండి ఉంటాయి. అందుకే లైబ్రేరియన్ మొహమాటంగా నసుగుతారు. బస్తాతో వెళ్లకండి. అరలవారీగా వెన్నులు కనపడేలా ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపి, తమ దగ్గర లేనివి టిక్కు పెట్టమనండి. పాత ముద్రణలు, శతకాలు, గోదావరి జిల్లాల్లో అచ్చయిన చిన్న పుస్తకాలు ఉంటే రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలోనూ, బొమ్మూరులోని తెలుగు విశ్వవిద్యాలయం సాహిత్య పీఠంలోనూ ముందు అడగండి. పరిశోధన చేసేవాళ్లు వాటి కోసమే వెతుకుతారు. చందమామ ఏడాది బైండ్లకూ, మాస్కోలో అచ్చయిన రాదుగ, ప్రగతి ప్రచురణాలయాల తెలుగు పుస్తకాలకూ కొనేవాళ్లుంటారు. విజయవాడ లెనిన్ సెంటర్ పాతపుస్తకాల కొట్ల వాళ్లకు అమ్మితే ఒక్కటి గుర్తుంచుకోండి: మంచివి పాతిక ఏరుకుని మిగతావి మీకే వదిలేస్తారు. మొత్తం లాటుగా బేరం ఆడండి, లేదా ఆ పాతికా గ్రంథాలయానికిచ్చి మిగతావాటి మీద ఆశ వదులుకోండి. మీ బడి లైబ్రరీకి పిల్లల కథలు, నిఘంటువులు సరే. పాత గైడ్లు మాత్రం వద్దు, సిలబస్ మారినవి పిల్లల్ని తప్పుదారి పట్టిస్తాయి.

అత్తయ్యగారిని వదిలేయకండి. పెద్దక్షరాలవి ఓ ఇరవై ఆవిడ మంచం పక్కన పెట్టండి. ఆవిడ చదివే మనిషైతే ఈ ఇంట్లో మీకు ఒక ఓటు పెరిగినట్టే.

పుస్తకం ఇల్లు దాటే ముందు మాత్రం తెరవాలి. పేజీలు బొటనవేలితో జారవిడిచి చూడండి. ఉత్తరాలు, ఫొటోలు, పొలం రశీదులు అక్కడే దొరుకుతాయి. పాత బైండ్లను అట్టలు పట్టుకుని దులపకండి, కుట్టు ఊడుతుంది. బూజు ఉంటే మూతికి గుడ్డ కట్టుకుని, పెరట్లో పొడి పెయింటు బ్రష్‌తో దులిపి నీడన ఆరబెట్టండి. తడిగుడ్డ పెడితే మరక లోపలికి దిగుతుంది. చెద పట్టినవి ఎవరికీ ఇవ్వకండి, కొత్త ఇంటికీ తేకండి. అంచు మడిచి విప్పితే విరిగేంత పెళుసు కాగితం కూడా గ్రంథాలయానికి పనికిరాదు.

పెట్టెలు మందుల షాపులో అడగండి, చిన్నవే. పన్నెండు కిలోలు దాటితే అడుగు ఊడుతుంది, మోసేవాళ్లు విసిరేస్తారు. నలభై పుస్తకాలకు ఒక పెట్టె లెక్క. గోనె సంచుల్లో వేస్తే మూలలు నలిగిపోతాయి. ఏ పెట్టె ఎవరికి వెళ్లాలో దాని పక్కన పేరు రాయండి. దూరం పంపాల్సినవి ఆర్టీసీ కార్గోలో వేయొచ్చు. ఫ్లాటుకు తెచ్చుకునేవి వాన పడే రోజు లారీలో ఎక్కించకండి. అరల్లో కలరా ఉండలు పెడితే చిన్న గుడ్డమూటగా కట్టి, పిల్లలకు అందని చోట మాత్రమే పెట్టండి.

చివరికి ఎవరూ అడగనివి ఓ వంద మిగులుతాయి. అవి పాతపేపర్లకే. ఆ రోజు మీరు మామూలుగా బడికి వెళ్లండి, తూకం వేయించే పని మీవారికే అప్పగించండి.