కుక్క కంటి కింద వాపు: మన మాత్రలు దానికి వేయకండి

ప్రశ్న: మా ఇంట్లో తొమ్మిదేళ్ల పమేరియన్ కుక్క, రెండేళ్ల పిల్లి ఉన్నాయి. కుక్క నోటి నుంచి దుర్వాసన వస్తోంది, పళ్లకు గార పట్టింది. మనం వాడే టూత్‌పేస్టుతో తోమవచ్చా? మత్తు ఇవ్వకుండానే గార గీకిస్తామని పెట్ షాపు వాళ్లు అంటున్నారు, చేయించమంటారా? నెల క్రితం కుడి కంటి కింద వాపు వస్తే మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ వేశాం. తగ్గి మళ్లీ వచ్చింది. నొప్పికి అప్పుడప్పుడు డైక్లోఫెనాక్ సగం మాత్ర వేస్తున్నాం. ఈమధ్య నీళ్లు ఎక్కువగా తాగుతోంది. పిల్లికి కూడా సొంగ కారుతోంది, పారాసిటమాల్ వేయవచ్చా?
- ఒక పాఠకురాలు, కావలి

జవాబు: మీరు ముందుగా అడిగింది టూత్‌పేస్టు గురించే అయినా, నాకు ఆందోళన కలిగించినవి మీ ఉత్తరంలోని చివరి మాటలు. పిల్లికి పారాసిటమాల్ ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకండి. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ కాబట్టి, మనం జ్వరానికి వేసుకునే 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటే దాని ప్రాణం తీయగలదు. రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి చేరుతుంది, చిగుళ్లు గోధుమ రంగుకో నీలి రంగుకో తిరుగుతాయి, ముఖమూ పాదాలూ వాస్తాయి. ఇప్పటికే వేసి ఉంటే ఈ లక్షణాలు కనిపించేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కుక్కకు డైక్లోఫెనాక్ కూడా ఈ రోజే ఆపేయండి. ఈ మందు తిన్న గొడ్ల కళేబరాల వల్ల రాబందులు మూత్రపిండాలు చెడి చనిపోతున్నాయని మన దేశం 2006లో దీన్ని పశువైద్యంలో నిషేధించింది. ఆ నిషేధం కుక్కల కోసం పెట్టింది కాదు గానీ, కుక్కలకు కూడా డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మనుషుల నొప్పి మాత్రలు కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. నల్లగా తారులాంటి విరేచనం, వాంతులు, తిండి మానేయడం కనిపిస్తే అది అత్యవసర పరిస్థితి. నీళ్లు ఎక్కువగా తాగడానికి ఈ మాత్రలే కారణమని చూడకుండా చెప్పలేను. ఈ వయసులో మధుమేహం మొదలుకొని ఇతర కారణాలూ ఉంటాయి. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్‌తో సహా రక్తపరీక్ష, మూత్రపరీక్ష మాత్రం తప్పనిసరి. కుక్కలకు వాడదగిన నొప్పి మందులు లేకపోలేదు, కానీ వాటిని బరువునూ మూత్రపిండాల స్థితినీ చూసి పశువైద్యులే రాయాలి. మనకు పనిచేసింది దానికీ పనిచేస్తుందనుకుని వేసే సగం మాత్రల వల్ల వచ్చే కేసులు నేను చూసేవాటిలో తక్కువేమీ కాదు. దయచేసి ఈ అలవాటు మానుకోండి.

ఇక వాపు. కుక్క పైదవడలో నమలడానికి వాడే పెద్ద పన్నుకు మూడు వేర్లుంటాయి, వాటి కొనలు సరిగ్గా కంటి కిందికి వస్తాయి. గట్టి బొమికలు కొరికి ఆ పన్ను చీలినా, చిగురు వ్యాధి వేరుదాకా పాకినా అక్కడ చీము చేరి వాపు బయట కనబడుతుంది. చాలామంది దాన్ని కంటి జబ్బనో గాయమనో అనుకుంటారు. యాంటీబయాటిక్‌తో చీము తగ్గుతుంది కానీ చెడిన పన్ను అక్కడే ఉంటుంది కనుక మళ్లీ వస్తుంది. మీరు రాసిన తీరు చూస్తే నా అనుమానం ఇదే. అయితే ఈ వయసులో కణితి కూడా కావచ్చు కాబట్టి పరీక్ష చేయకుండా నిర్ధారించకూడదు. పంటిదే అయితే పన్ను తీసేయడమో, సదుపాయం ఉన్నచోట రూట్ కెనాల్ చేయడమో పరిష్కారం. ఇప్పటికే నెల గడిచింది, ఇంకా ఆగకండి.

పశువుల దంతవైద్యం కొన్ని దేశాల్లో ప్రత్యేక నిపుణులున్న విభాగం. మన దగ్గర ఎక్కువగా శస్త్రచికిత్స చేసేవారే చూస్తారు. ముందు మీ దగ్గరి పశువైద్యులకు చూపించి, అవసరమైతే వారి సిఫారసుతో తిరుపతి వెటర్నరీ కళాశాలకో, చెన్నై వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కళాశాలకో వెళ్లవచ్చు. నోటిలోపల పెట్టి తీసే పంటి ఎక్స్‌రే ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి, ఎందుకంటే పంటి వేరు చిగురు లోపల దాగి ఉంటుంది.

మత్తు లేకుండా గార గీకించడం నేను సమ్మతించను. పైకి పళ్లు తెల్లబడతాయి, చిగురు కింద ఉన్న అసలు జబ్బు అలాగే ఉంటుంది, మెలకువగా ఉన్న జంతువు కదిలితే గాయమూ అవుతుంది. తొమ్మిదేళ్ల కుక్కకు మత్తు అంటే మీకు భయం ఉండటం సహజమే. ముందుగా రక్తపరీక్షలు చేయించేది ఆ ప్రమాదాన్ని తగ్గించడానికే.

పిల్లికి సొంగ కారడానికి నోట్లో ఇరుక్కున్న చేప ముల్లు మొదలుకొని తీవ్రమైన చిగుళ్ల వాపు, పంటి వేరు లోలోపల కరిగిపోయే జబ్బు దాకా కారణాలుంటాయి. రేబిస్ వల్ల కూడా సొంగ కారవచ్చు, దానికి టీకా వేయించారో లేదో మీరు రాయలేదు. వేయించకపోతే, ముల్లు తీద్దామని దాని నోట్లో చేయి పెట్టకండి. కరిచినా గీరినా పదిహేను నిమిషాలు ధారగా పారే నీటితో, సబ్బుతో కడిగి, అదే రోజు ఆసుపత్రిలో టీకా మొదలుపెట్టించుకోండి.

టూత్‌పేస్టు విషయానికి వస్తే, మనది వద్దు. కొన్నింటిలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది, అది కుక్క రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది, కాలేయాన్నీ చెడగొట్టగలదు. పెంపుడు జంతువుల పేస్టుతో రోజూ తోమడం మంచిదే, పాచి కొద్ది రోజుల్లోనే గట్టిపడి గారగా మారుతుంది కాబట్టి రోజు తప్పించకూడదు. కానీ నొప్పి ఉన్న నోటిని ఇప్పుడు తోమితే కుక్క కరుస్తుంది. చికిత్స పూర్తయ్యాక డాక్టరు సరేనన్నప్పుడే మొదలుపెట్టండి. వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వేసిన మాత్రల స్ట్రిప్పులన్నీ, ఖాళీవైనా సరే, వెంట తీసుకెళ్లండి. వేటిని ఎప్పుడు వేశారో తెలిస్తేనే మత్తునూ మందులనూ వారు నిర్ణయించగలరు.