తెలిసీ బోర్లు వేయడం ఎందుకు ఆగదు?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. బోరు మీద బోరు వేస్తే భూగర్భజలం అడుగంటుతుందని ఇక్కడి రైతులందరికీ తెలుసు. అయినా వేసవి వస్తే చాలు, బోరుబండ్లు ఊళ్ళోకి దిగుతూనే ఉంటాయి. ఇది అజ్ఞానమా, దురాశా? ఆర్థికశాస్త్రం దీనికి ఏమైనా కారణం చెబుతుందా?

జవాబు: రెండూ కావు. మీ రైతులను ఆ మాటలతో నిందించడం అన్యాయమని కూడా నా అభిప్రాయం. పక్కపక్కనే చీనీ తోటలున్న ఇద్దరిని తీసుకోండి. మీ ప్రాంతంలో నేల కింద ఉన్నది గట్టి రాయి కనుక నీరు ఎక్కువగా దాని పగుళ్లలోనే నిలుస్తుంది. ఒకే పగులు ఇద్దరి బోర్లకూ ఆధారమైతే ఒకరు తోడుకున్నది రెండోవారికి మిగలదు. పొరుగు రైతు 300 అడుగుల దగ్గర ఆగితే, 500 అడుగులకు వెళ్ళిన వారికి నీరు ఎక్కువ దక్కుతుంది. అతడే 500 అడుగులకు వెళితే, వెళ్ళనివారి చెట్లు ఎండిపోతాయి. అవతలివారు ఏం చేసినా లోతుకు వెళ్ళడమే మేలని ఇద్దరికీ తోస్తుంది. చివరకు ఇద్దరూ అప్పులపాలై ఆ కాస్త నీటినే పంచుకుంటారు. ఏ ఒక్కరూ తన నిర్ణయాన్ని మాత్రమే మార్చుకుని బాగుపడలేని ఈ స్థితిని గేమ్ థియరీలో (ఒకరి ఫలితం ఇతరుల నిర్ణయాల మీద కూడా ఆధారపడే సందర్భాలను పరిశీలించే శాస్త్రంలో) నాష్ సమతాస్థితి అంటారు. 2004లో వ్యవసాయానికి కరెంటు ఉచితమయ్యాక (ఆ ఆసరా రైతుకు అవసరమే) అదనంగా తోడే నీటికి ఖర్చు దాదాపు లేకుండా పోయింది.

కొత్త బోరుకు అనుమతి ఉండాలని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చెబుతోంది. కానీ రేపు తనకూ బోరు అవసరపడుతుందనుకునే రైతు పొరుగువారి మీద ఫిర్యాదు చేయడు.

ఉమ్మడి వనరులను వాడుకునేవారే నియమాలు ఏర్పరచుకుని కాపాడుకోగలరని ఎన్నో దేశాల ఉదాహరణలతో చూపిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. 2000 దశకంలో మీ జిల్లాతో సహా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 7 జిల్లాల్లో రైతులే వర్షపాతాన్ని, బోర్లలో నీటిమట్టాన్ని కొలిచి, రబీకి ముందు ఊరంతా కూర్చుని నీటి లెక్క వేసుకున్న పథకం ఒకటి నడిచింది. అందులో ఎవరినీ ఏ పంటా వేయవద్దని నిషేధించలేదు. ఉన్న నీరెంతో, వరి వేస్తే ఎంత పడుతుందో, ఆరుతడి పంటలకు ఎంత చాలుతుందో అందరి ముందూ తేలడంతో, పొరుగువారు ఏం చేస్తారోనన్న భయం తగ్గి, చాలామంది తక్కువ నీటి పంటల వైపు మొగ్గారు.

మీ ఊళ్ళోనూ వానలు వెనుదిరిగాక కొన్ని బోర్లలో నీటిమట్టం కొలిచి, రబీ విత్తనాలు కొనకముందే ఆ అంకెలను పంచాయతీ గోడ మీద రాయించి, గ్రామసభలో చర్చకు పెట్టండి.